నిప్పులత్త గాజు పొయ్యి

నిప్పులత్త చెయ్యి కాలదని ఆ ఇంట్లోవాళ్ళు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క గొప్ప ఉంటుంది. ఈ ఇంటికి ఆవిడ చెయ్యే గొప్ప. చుట్టాలొచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారో లేదో, తమ్ముడు వంటింట్లోకి కేకేసేవాడు.

"అక్కా, ఆ మూత ఓసారి చేత్తో తియ్యి, వీళ్ళెప్పుడూ చూళ్ళేదట!"

ఆవిడ కుతకుతలాడుతున్న గిన్నె మీద మూతని ఉత్త వేళ్ళతో ఎత్తి, అలాగే పట్టుకుని, వచ్చినవాళ్ళ ఆరోగ్యమూ వాళ్ళ పిల్లల చదువులూ తీరిగ్గా అడిగి, అప్పుడు పక్కన పెట్టేది. చూసేవాళ్ళు "అమ్మో అమ్మో" అని బుగ్గలు నొక్కుకునేవారు. తమ్ముడు మాత్రం తనే ఏదో ఘనకార్యం చేసినట్టు మీసం సవరించుకుని, "మా అక్కకి పట్టకారెందుకండీ, దేవుడు వేళ్ళనే పట్టకారు చేసి పంపాడు" అనేవాడు. ఇంతమంది చూశారు కదా, ఏదమ్మా ఆ అరచెయ్యి, ఒకసారి తెరిచి చూపించు అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడంటే ఒక్కడు లేడు. ఒళ్ళు మండే సంగతి అదే.

నిప్పులత్త అన్న పేరు మేనల్లుడు చిన్నప్పుడు పెట్టింది. వాడు ఈ తమ్ముడి కొడుకు. ఆవిడకీ ఒకప్పుడు పెళ్ళయింది గాని నిలవలేదు. ఎందుకు నిలవలేదని ఎవరైనా కదిపితే "ఉప్పు ఎక్కువైందన్నాడు, పొమ్మన్నాను" అని ఊరుకునేది. ఆ తరవాత బట్టల మిల్లు కార్మికుల క్యాంటీనులో వంటకి చేరింది. మనిషి కూర్చుంటే మునిగిపోయేంత గిన్నెలు అక్కడ. గంట కొట్టేసరికి వడ్డన మొదలవ్వాలి. గిన్నె దించడానికి గుడ్డ ఎక్కడుందా అని వెతుక్కునేవాళ్ళని పెద్ద వంటవాడు పనికిరారనేవాడు. ఆవిడ గుడ్డ వెతకడం మానేసింది. మొదట్లో బొబ్బలు లేచాయి, తరవాత కాయలు కాశాయి, ఆ తరవాత ఆవిడకే తెలియకుండా పోయింది.

తమ్ముడి భార్య పాకే పిల్లాణ్ణి వదిలేసి పోయాక, ఆవిడ ఒక ఇనప పెట్టె, క్యాంటీను వాళ్ళిచ్చిన అడుగు గుండ్రంగా ఉన్న ఒక బాణలి పట్టుకుని ఈ ఇంటికొచ్చింది. వచ్చిన రోజునే కొంగు దోపుకుని వంటింట్లోకి వెళ్ళింది. మళ్ళీ ఇవతలికి రాలేదంటే అతిశయోక్తి కాదు.

అలాగని ఆవిడేదో నోట్లో నాలుక లేని మనిషనుకునేరు. అంత సీను లేదు. వంటింటి గడపలో ఎవరైనా కాలు పెడితే ఒంటికాలి మీద లేచేది. మంచినీళ్ళు కావాలన్నా గుమ్మం దగ్గర నిలబడి అడగాల్సిందే. పనికి కుదిరిన మనుషులు ఆవిడ నోటికి జడిసి నెల తిరక్కుండా మానేసేవారు. మేనల్లుడికి పెళ్ళయి కోడలొచ్చినప్పుడు, ఆ పిల్ల ముచ్చటపడి కూర కలపబోతే, "అమ్మాయ్, ఆఫీసులో నీ కుర్చీలో నేను కూర్చుంటే ఊరుకుంటావా?" అంది. కోడలు గరిటె పక్కన పెట్టి వెళ్ళిపోయింది. ఆ పిల్ల పనిచేసేది బీమా కంపెనీలో. దేనికెంత ప్రమాదముందో ముందుగా చూసి చెప్పడమే కోడలుగారి ఉద్యోగం. ఇద్దరికీ మధ్య గొడవలు లేవు. మాటలూ లేవు.

మేనల్లుడు కొత్త ఫ్లాటు కొన్నాక కరెంటు మీద నడిచే గాజు పొయ్యి వచ్చింది. నల్లగా, నున్నగా, బల్లలో కలిసిపోయి ఉంది. దాని మీద బూడిదరంగులో నాలుగు సున్నాలు గీసున్నాయి, అవే రింగులట.

"ఇదేం పొయ్యిరా? మొహం చూసుకోవడానికా, వంట చేసుకోవడానికా?" అంది నిప్పులత్త.

"రెంటికీ పనికొస్తుందత్తా" అన్నాడు మేనల్లుడు, మురిసిపోతూ.

బిగించడానికొచ్చిన మెకానిక్కు మంచివాడు. నలుగుర్నీ చుట్టూ నిలబెట్టి ఓపిగ్గా చెప్పాడు. గిన్నెల అడుగు చదునుగా ఉండాలి. గిన్నెని ఎత్తి పెట్టాలి తప్ప జరపకూడదు, జరిపితే గీతలు పడతాయి. బరువైనవేవీ పైనుంచి పడకూడదు. చిన్న పగులు కనిపించినా సరే, వెంటనే గోడ మీది మెయిన్ స్విచ్చి ఆపెయ్యాలి, ఇక దాని మీద వంట చెయ్యకూడదు. అన్నిటికంటే పంచదారతో జాగ్రత్త. పాకం పొంగితే చల్లారేదాకా ఆగకూడదు, గాజుని పట్టుకుని పెచ్చులు లేపేస్తుంది. రింగు ఆపి, చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని, వేడి మీదే బ్లేడుతో గీకి తీసెయ్యాలి.

"ఇంకో మాటమ్మా. ఆపేశాక ఇది నల్లగానే ఉంటుంది, చల్లారినట్టే కనబడుతుంది. ఈ ఎర్ర లైటు ఆరేదాకా మాత్రం చెయ్యి పెట్టొద్దు."

"మా అక్కకి ఆ భయం లేదులెండి, ఆవిడ చెయ్యి కాలదు" అన్నాడు తమ్ముడు. అందరూ నవ్వారు. మెకానిక్కు కూడా మర్యాదకి నవ్వాడు.

పొయ్యి వెలిగించడానికి గాజు మీద వేలు ఆనిస్తే చాలు. మేనల్లుడు ఆనించాడు, వెలిగింది. కోడలు ఆనించింది, వెలిగింది. తమ్ముడు చూపుడువేలు సాచి చంటిపిల్లాడి బుగ్గ గిల్లినట్టు తాకాడు, అతనికీ వెలిగింది. నిప్పులత్త వేలు పెట్టింది. ఏమీ లేదు. గట్టిగా నొక్కింది. ఊహూఁ.

"వేలు బాగా ఎండిపోయి, కాయ కాసుందమ్మా. అలాంటి వేలు దీనికి తెలీదు" అన్నాడు మెకానిక్కు. తడి చేసి పెట్టమంటే పెట్టింది. నీటిబొట్టు జారి, అది కీచుకీచుమని అరిచి ఆరిపోయింది. చివరికి వేలు మడిచి కణుపుతో తాకితే వెలిగింది. అప్పట్నుంచి ఆవిడ ఎవరి ఇంటి తలుపో తడుతున్నట్టు కణుపుతోనే పొయ్యి వెలిగించుకునేది. జన్మంతా నిప్పుతో బతికిన మనిషిని ఆ పొయ్యి గుర్తుపట్టలేదు. దానికి ఆవిడ లోలోపల చాలా బాధపడింది గాని, పైకి మాత్రం "వంకర పొయ్యి" అని తిట్టి ఊరుకుంది.

మొదటి వారంలోనే తప్పు జరిగింది. పాలు పొంగి మరకైతే, అలవాటు కొద్దీ ఇనప పీచు తీసుకుని బరబరా తోమేసింది. మరక పోయింది. దాని స్థానంలో ఒక సున్నా మీద అడ్డంగా తెల్లటి గీత మిగిలింది. కోడలు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, ఆ గీత మీద వేలు రాసి చూసి, ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. అంటే నాలుగంటించేది నిప్పులత్త. భోజనాలయ్యాక మేనల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"అత్తా, గీత పడితే పడింది. కానీ పగిలితే మొత్తం గాజు మార్చాలట. ప్రమాదం కూడానట. నువ్వూ పెద్దదానివయ్యావు. ఇక విశ్రాంతి తీసుకోకూడదా? వంటకి ఎవర్నైనా పెడదాం అంటోంది తను."

విశ్రాంతట, విశ్రాంతి! పొమ్మనలేక పొగబెట్టడమంటారు. ఆ పొయ్యికి పొగ కూడా లేదాయె! వంటిల్లు పోతే ఈ ఇంట్లో తనెవరు? హాల్లో సోఫా చివర కూర్చుని, వాళ్ళు పెట్టింది తిని, టీవీలో వాళ్ళు పెట్టింది చూసే ఒక ముసల్ది. అంతేగా?

"ఒక్క గీతకే నన్ను గెంటేస్తావుట్రా?" అంది.

"గెంటడమేంటత్తా, ఏం మాటలవి! సరే, ఇంకోసారి దానికేమైనా అయితే మాత్రం నా మాట వినాలి. ఒప్పుకో."

ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది?

ఆ రోజు మొదలు ఆ గాజుని కంటికి రెప్పలా చూసుకుంది. ఇనప పీచుని చెత్తబుట్టలో పారేసింది. మెత్తటి గుడ్డ వేరుగా పెట్టింది. లైటు ఆరాక రెండు చుక్కల వెనిగర్ వేసి గుండ్రంగా తుడిచేది, తరవాత మంచినీళ్ళ గుడ్డతో, ఆఖర్న పొడిగుడ్డతో. అంటుకున్నదేదైనా ఉంటే బ్లేడుని ఏటవాలుగా పెట్టి, గడ్డం గీసినంత సుతారంగా లేపేది. గిన్నె కడిగాక అడుగుని చెంగుతో తుడిచి, రేణువైనా లేదని చూసి, అప్పుడు దాని మీద పెట్టేది. పైన అరలో ఉన్న సీసాలన్నీ దించి కింద పెట్టించింది, ఏదైనా జారి పడుతుందేమోనని. అడుగు గుండ్రంగా ఉన్న బాణలి ఆ పొయ్యి మీద నిలవదు. దాన్ని కాగితంలో చుట్టి తన మంచం కిందికి తోసింది. తమ్ముడు చూసి, "చంటిపిల్లకి కూడా ఇంత చెయ్యవు కదే అక్కా" అన్నాడు. "నీ కొడుక్కి చేశాగా, అందుకే ఈ భోగం" అంది ఆవిడ.

అప్పుడొచ్చింది అసలు చిక్కు.

ఒక పొద్దున గిన్నె దించి, రింగు ఆపి, మాటల్లో పడి, కాసేపటికి తుడుద్దామని వచ్చి గాజు మీద అరచెయ్యి ఆనించింది. అది ఆవిడ అలవాటు. కళ్ళ కంటే, గడియారం కంటే ఆవిడకి చేతి మీదే నమ్మకం. చల్లగానే ఉందనిపించింది. కానీ ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది.

"ఒరేయ్ తమ్ముడూ, ఈ లైటు అబద్ధమాడుతోందిరా. పొయ్యి చల్లగా ఉంది, ఇది మాత్రం ఆరదు."

"నీ చెయ్యి చల్లగా ఉందందంటే ఇక చల్లగా ఉన్నట్టే. ఆ లైటే పాడై ఉంటుంది. మెకానిక్కుని రమ్మందాం" అన్నాడు హాల్లోంచి, పేపరు దించకుండా.

నిప్పులత్త తడిగుడ్డ తెచ్చి గాజు మీద వేసింది. గుడ్డ సుయ్‌మంది. దాని కిందనుంచి ఆవిరి లేచి మొహానికి కొట్టింది. ఆవిడ గుడ్డ తీసేసి, మళ్ళీ ఒక వేలు ఆనించి చూసింది. చల్లనా కాదు, వేడీ కాదు. అసలేమీ లేదు. మెల్లిగా చెయ్యి తిప్పి చూసుకుంటే, అరచేతి మధ్యలో తోలు తెల్లగా ఉబ్బి ఉంది.

పాత పొయ్యి మీద మంట కంటికి కనబడేది. ఇన్నాళ్ళూ తనని కాపాడినవి ఆ కళ్ళు. చెయ్యి ఎప్పుడో చచ్చిపోయింది. అది చచ్చిపోయిన సంగతి తెలియక, ఇంటిల్లిపాదీ చుట్టాల్ని పిలిచి దాన్ని ప్రదర్శనకి పెట్టారు. తనూ సంబరపడి ఆడింది.

"మెకానిక్కు ఎందుకులేరా, లైటు బాగానే ఉంది. నేనే పొరపడ్డాను" అంది గొంతు మామూలుగా ఉంచుకుని.

"అలా అంటావా" అన్నాడు తమ్ముడు, పేజీ తిప్పుతూ.

అప్పట్నుంచి ఆవిడ ఎర్ర లైటుని నమ్ముకుని బతికింది. చేతికి పసుపూ నూనే రాసి, పైట చెంగులో దాచుకుని తిరిగింది. బయటపెడితే ఏమంటారో తెలుసు. గాజు పగలకపోయినా, ఈ చెయ్యి చాలు తనని వంటింట్లోంచి పంపడానికి. తేలుకుట్టిన దొంగలా నోరు మూసుకుంది. ఇంట్లోవాళ్ళు అత్త ఈమధ్య మెత్తబడిందనుకున్నారు. కేకలు తగ్గాయట, సంతోషించారట!

ఆ ఆదివారం కోడలి తల్లి వస్తోందన్నారు. నిప్పులత్త నారింజ పళ్ళ జామ్ చేస్తానంది. వద్దు, కొనుక్కొద్దాం అంది కోడలు. "కొన్నది నీకు పెట్టు, నేను చేసింది మీ అమ్మకి పెట్టు" అంది ఈవిడ. చాన్నాళ్ళకి పాత గొంతు వినబడింది.

ఒక రింగు మీద పాలు కాచి దించింది. పక్క రింగు మీద జామ్ ఉడుకుతోంది. హాల్లో వియ్యపురాలితో తమ్ముడు మాట్లాడుతున్నాడు. మాటల మధ్యలో "మా అక్క చెయ్యి..." అని మొదలుపెట్టడం ఆవిడ చెవిన పడింది. మళ్ళీ పిలుస్తాడు కాబోలు మూత తియ్యమని. అటు తల తిప్పింది. ఇటు జామ్ బుస్సున పొంగి, గిన్నె అంచు దాటి, గాజు మీద పరుచుకుంది.

పంచదార! ఆవిడకి మెకానిక్కు చెప్పిందంతా అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. కణుపుతో తట్టి రింగు ఆపింది. గిన్నెని జరపకుండా ఎత్తి పక్కన పెట్టింది. సొరుగులోంచి బ్లేడు అందుకుంది. గుడ్డ చుట్టుకోవాలన్నదొక్కటే వదిలేసింది. క్యాంటీనులో ఏనాడో మానేసిన పని అది, ఇప్పుడెందుకు గుర్తొస్తుంది? ఎడమ చెయ్యి గాజు మీద ఆనించి, ఒంగి, కుడి చేత్తో గీకడం మొదలుపెట్టింది. పాకం తీగలా సాగుతూ లేచింది. లేచినదాన్ని లేచినట్టు పక్కకి తోసి, మళ్ళీ గీకి, అంచుల దాకా వదల్లేదు. గాజు మళ్ళీ నల్లగా మెరిసింది. ఒక్క పెచ్చు లేవలేదు. ఒక్క గీత పడలేదు. గెలిచానురా దేవుడా అనుకుంది.

మాడు వాసనకి కోడలు పరుగెత్తుకొచ్చింది. వెనకాలే మేనల్లుడు.

"అయ్యో, పాకం పడిందా? గాజు! గాజుకేమైంది?"

"ఏం కాలేదు. చూసుకో. అద్దంలా ఉంది" అంది నిప్పులత్త, రొప్పుతూ, నవ్వుతూ.

కోడలు ఒంగి గాజంతా చూసింది. "హమ్మయ్య" అంది. మేనల్లుడు కూడా చూసి, "శభాష్ అత్తా!" అన్నాడు. గాజు క్షేమమేనని ఇద్దరూ తేల్చుకున్నాక గాని, మాడు వాసన ఇంకా ఎందుకొస్తోందని ఎవరికీ తోచలేదు.

అప్పుడు చూసింది కోడలు. ఆవిడ ఎడమ చెయ్యి గాజు మీదే ఉంది. పాలు దించిన రింగు మీద. దాని పక్కన ఎర్ర లైటు వెలుగుతోంది.

"అత్తయ్యగారూ, చెయ్యి! చెయ్యి తియ్యండి!" అని కెవ్వున అరిచింది.

నిప్పులత్త తన చేతికేసి ఎవరి చేతికేసో చూసినట్టు చూసింది. తీసేసరికి తోలు గాజుకి అంటుకుని ఊడొచ్చింది. ఆవిడ కెవ్వుమనలేదు. అదే వాళ్ళని భయపెట్టింది. హాల్లో తమ్ముడు ఇంకా వియ్యపురాలికి ఆ చెయ్యి కథే చెబుతున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు పిన్నుతో వేళ్ళ మీద గుచ్చుతూ, "తెలుస్తోందా? ఇక్కడ?" అని అడుగుతూ పోయింది. చక్కెర జబ్బు ఏళ్ళ తరబడి ఉండి ఉంటుందనీ, నరాలు పూర్తిగా మొద్దుబారాయనీ, ముందే తెస్తే ఇంత దాకా వచ్చేది కాదనీ చెప్పింది. "ఇంతకాలం ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అంది. మేనల్లుడు కిటికీలోంచి బయటికి చూశాడు. తమ్ముడు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మందుల పేర్లన్నీ పలికించి పలికించి రాయించుకున్నాడు.

ఇంటికొచ్చాక ఎవరూ ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. కోడలు స్వయంగా కట్టు మార్చింది. అన్నం కలిపి ముందు పెట్టింది. "మీకేమన్నా అయితే మేమేమైపోవాలి అత్తయ్యగారూ, ఇక ఆ వంటింటి వైపు వెళ్ళకండి" అంది, కళ్ళనీళ్ళతో. ఆ పిల్ల నిజంగానే ఏడ్చింది, అబద్ధం చెప్పకూడదు. పోట్లాడేవాళ్ళతో ఎలా మాట్లాడాలో నిప్పులత్తకి తెలుసు. ఏడ్చేవాళ్ళతో తెలీదు. ఊఁ అంది.

మర్నాటి నుంచి వంటకి ఒకామె వచ్చి వండి వెళ్ళేది. గిన్నెలు జరిపే చప్పుడు సోఫాలోకి వినబడుతుంటే నిప్పులత్త పళ్ళు కొరుక్కునేది. కోడలు ఆఫీసుకి వెళ్ళేముందు పొయ్యి మీద ఒకచోట వేలు ఆనించి కొంతసేపు ఉంచేది. కీచుమని ఒక శబ్దం వచ్చేది. అదేంటని ఆవిడ తమ్ముణ్ణి అడిగింది.

"అది... పిల్లల తాళం అక్కా. పిల్లలు ముట్టుకుంటే వెలగకుండా."

"ఈ ఇంట్లో పిల్లలెవర్రా?"

తమ్ముడు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరే ఉన్నారు. టీ వేళ దాటిపోతోంది. తమ్ముడు రెండుసార్లు ఆవులించాడు గాని అడగలేదు. జీవితంలో ఆ వేళకి అడక్కుండానే కప్పు చేతికొచ్చేది అతనికి. నిప్పులత్త లేచి వంటింట్లోకి వెళ్ళింది. కట్టు లేని చేతి వేలు మడిచి కణుపుతో తట్టింది. కీచుమంది. మళ్ళీ తట్టింది. మళ్ళీ కీచుమంది. ఆ చప్పుడుకి తమ్ముడు వచ్చాడు.

"నువ్వుండక్కా, నేను పెడతా" అంటూ తాళం మీద వేలు ఆనించాడు. తెరుచుకుంది. పాలెక్కడున్నాయో, టీపొడెక్కడుందో అన్నీ ఆవిణ్ణే అడిగి, ఎలాగో కాచి, రెండు కప్పుల్లో పోశాడు. పొయ్యి ఆపాడు. ఒక్క క్షణం ఆగి, అక్క వైపు చూడకుండా, మళ్ళీ తాళం మీద వేలు పెట్టి పట్టుకున్నాడు. కీచుమంది.

"ఏమనుకోకు. అమ్మాయి మరీమరీ చెప్పి వెళ్ళింది."

ఆవిడ కప్పు కోసం చెయ్యి చాచింది.

"జాగ్రత్తక్కా, కాలుతుంది" అన్నాడు తమ్ముడు.

చాచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. నిప్పులత్త తమ్ముడి మొహంలోకి చూసింది. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పట్నుంచీ ఆ మాట తనతో ఎవరన్నారో గుర్తు చేసుకోబోయింది. తమ్ముడు అనలేదు. చేతులారా పెంచిన వాడూ అనలేదు. వచ్చిపోయిన చుట్టాల్లో ఒక్కరూ అనలేదు.

"ఈ మాట ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావురా?" అంది.

అతను కప్పు బల్ల మీద పెట్టేశాడు. ఇద్దరూ దానికి చెరో పక్క నిలబడ్డారు. ఆవిరి పోయేదాకా ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.